పిల్లలకి అబద్ధం చెప్పకుండా రేపటి మీద ఆశ కలిగించడం ఎలా?

బడిగంట

రేపటి మీద నమ్మకం పెట్టుకోవడానికి పదమూడేళ్ల పిల్లల ముందు నిలబడే కారణాలు కావాలి. అబద్ధం ఉండకూడదు, ఉపన్యాసం ఉండకూడదు. నా ప్రశ్న అంతే. ఎందుకు అడుగుతున్నానో కాస్త చెప్తాను.

నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాను. వాతావరణ మార్పుల పాఠం అయ్యాక కొంచెం టైం మిగిలితే డౌట్లేమైనా ఉన్నాయా అని అడిగాను. మామూలుగా ఆ మాటకి ఎవరూ చెయ్యెత్తరు. ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి ఒకడు లేచి, "మేం పెద్దయ్యేసరికి ఇవన్నీ ఉంటాయా టీచర్?" అన్నాడు. ఇవన్నీ అంటే ఏంటి నాన్నా అని అడిగితే "అన్నీ" అన్నాడు.

క్లాసు నవ్వుతుందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో అమ్మాయి పెన్నుకి మూత పెట్టేసి నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ ప్రశ్న వాడొక్కడిదే కాదని అప్పుడర్థమైంది. వచ్చే వారం ఒక పీరియడ్ మొత్తం దీని గురించే మాట్లాడుకుందామని మాటిచ్చాను. ఆ పీరియడ్ కోసమే ఈ పోస్టు.

గ్రాఫులు చూపించమని కొందరు అంటారు. ఒకటి చూపించాను. 1990లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 93 మంది అయిదేళ్లు నిండకుండానే చనిపోయేవాళ్లు, 2022 నాటికి ఆ సంఖ్య 37కి తగ్గింది. గొప్ప సంగతే. పిల్లలు బుద్ధిగా నోట్సులో గీసుకున్నారు. ఒకమ్మాయి మాత్రం, "ఇప్పటిదాకా గీత దిగిందని రేపు కూడా దిగుతుందని ఏముంది టీచర్?" అంది. సరైన ప్రశ్న. లెక్కల మాస్టారైనా అదే అంటారు.

నాకూ ఈ మధ్య రాత్రుళ్లు ఫోన్ చూశాక సరిగ్గా నిద్ర పట్టడం లేదు. యుద్ధాలు, ఎండలు, ఎవరు ఎవర్ని ఏమని బెదిరించారో. కాబట్టి ఇదంతా పిల్లల కోసమేనని చెప్పను, నాకూ కావాలి. దయచేసి "పాజిటివ్‌గా ఆలోచించండి" అని మాత్రం రాయొద్దు.

డెస్క్ నుంచి

టీచర్ గారూ, నేను చాలా ఏళ్లుగా వార్తల డెస్కులో ఉన్నాను. ఒక్క విషయం చెప్తాను. వార్త కావాలంటే దానికో తేదీ ఉండాలి. బాంబు పడ్డానికి తేదీ ఉంటుంది, వంతెన కూలడానికి తేదీ ఉంటుంది. డిఫ్తీరియా రాకుండా బతికిన పిల్లల గురించి హెడ్డింగు పెట్టమంటే ఏ రోజు పెట్టాలి? ప్రపంచంలో అందరు పిల్లలకీ టీకాలు అందించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో కార్యక్రమం మొదలుపెట్టింది. యాభై ఏళ్లలో ఆ టీకాలు కాపాడిన ప్రాణాలు 15 కోట్ల 40 లక్షలని 2024లో లెక్కగట్టారు. మా దగ్గర అది లోపలి పేజీలో చిన్న ఐటం. ఆ రోజు మొదటి పేజీలో ఏముందో నాకు గుర్తు కూడా లేదు.

రాత్రిపూట ఫోన్ పక్కన పెట్టేయండి. పొద్దున చదివినా ఏ వార్తా పాతబడిపోదు.

కోల్డ్‌చైన్

టీచర్ గారూ, నేను టీకాల సరఫరాలో పనిచేసి రిటైరయ్యాను. ఫ్యాక్టరీ నుంచి బిడ్డ దాకా టీకాని చల్లగా చేర్చడం నా ఉద్యోగం. చాలా టీకాలు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్యలో ఉండాలి, దారిలో ఎక్కడ ఎండ తగిలినా వృథా. సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, దాని మధ్యలో లేత రంగు చదరం. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న గుండ్రం రంగుకి వచ్చేసిందంటే ఆ సీసా ఇక వాడకూడదు. కరెంటు లేని చోట, చదువు అంతగా రాని కార్యకర్త కూడా ఒక్క చూపులో తేల్చుకోవచ్చు. ఎవరో కూర్చుని ఇది ఆలోచించారు. ఆ గుర్తు చూసినప్పుడల్లా నాకు మనుషుల మీద నమ్మకం పెరిగేది.

మీ విద్యార్థిని అడిగిందానికి నా జవాబు ఇది. ఆ గీత దానంతటది దిగలేదు, దింపారు. ఎంత దిగిందో చూపిస్తే పిల్లలు నోట్సులో గీసుకుంటారు. ఎవరు, ఏ పనిముట్టుతో, ఏ తిప్పలు పడి దింపారో చెప్తే, అలాంటి పని మళ్లీ చేయొచ్చా అని వాళ్లే ఆలోచిస్తారు. నాకు తెలిసిన కథ మశూచిది కాబట్టి అదే చెప్తాను.

ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే మశూచి సుమారు 30 కోట్ల మందిని చంపిందని అంచనా. సోకినవాళ్లలో పదిమందికి ముగ్గురు పోయేవాళ్లు. బతికినవాళ్లకి మొహం నిండా మచ్చలు, కొందరికి చూపు పోయేది. దీన్ని భూమ్మీద లేకుండా చేద్దామని 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో ప్రతిపాదించింది విక్టర్ జ్దానోవ్ అనే సోవియట్ వైద్యుడు. ఆ సభ జరిగింది అమెరికాలోని మినియాపొలిస్‌లో. ఆ రెండు దేశాలూ ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకున్న కాలం అది. 1967లో పని ఊపందుకున్నాక దాన్ని నడిపింది డి.ఎ. హెండర్సన్ అనే అమెరికన్ డాక్టరు, టీకా మందులో పెద్ద వాటా ఇచ్చింది సోవియట్ యూనియన్. ఈ ముక్క పిల్లలకి తప్పకుండా చెప్పండి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని దేశాలు కూడా ఒక పని దగ్గర కలిశాయి. ముందు స్నేహం కుదరాలి, ఆ తర్వాతే పని అని కూర్చోలేదు.

మొదట్లో అందరి లెక్క ఒకటే. జనాభాలో 80 శాతానికి టీకా వేస్తే జబ్బు ఆగిపోతుందని. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో మశూచి పుట్టింది. అక్కడున్న విలియం ఫేగీ అనే డాక్టరు దగ్గర 80 శాతానికి సరిపడా టీకా లేదు. ఆయన ఆ ప్రాంతంలోని మిషనరీలతో రాత్రి రేడియోలో మాట్లాడి, మ్యాపు ముందు పెట్టుకుని ఊళ్లు పంచాడు. వాళ్లు ఊరూరికీ మనుషుల్ని పంపి కేసులు ఎక్కడున్నాయో కనుక్కున్నారు. ఉన్న కాస్త టీకానీ ఆ కేసుల చుట్టుపక్కల వాళ్లకీ, వాళ్ల బంధువులున్న చోట్లకీ, వాళ్లు వెళ్లే సంతల దగ్గరా వేశారు. కొన్ని వారాల్లో జబ్బు ఆగిపోయింది. ఫేగీ కుర్రతనంలో అడవి మంటలార్పే పని చేశాడు. మంట చుట్టూ ఎండుకట్టె లేకుండా చేస్తే మంట ఆరిపోతుందని అక్కడ నేర్చుకున్నాడు. టీకా సరిపోకపోవడం వల్లే ఆ పద్ధతి బయటపడింది, తర్వాత ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది.

ఇంకోటి సూది. కొన మీద రెండు ముళ్లుంటాయి, అంతే. మందులో ముంచితే ఆ ముళ్ల మధ్య సరిగ్గా ఒక చుక్క నిలుస్తుంది. చేతి మీద పదిహేను సార్లు గబగబా పొడిస్తే టీకా అయిపోయినట్టే. పాత పద్ధతిలో ఒకరికి వాడే మందుతో నలుగురికి వేయొచ్చు. ఆ సూదిని తయారుచేసిన కంపెనీ రాయల్టీ అడగలేదు. కొత్తవాళ్లకి నేర్పడానికి కొద్దిసేపు చాలు. కార్యకర్తలు మశూచి సోకిన బిడ్డ ఫోటో ఉన్న కార్డు పట్టుకుని బళ్లకీ సంతలకీ వెళ్లి, "ఇలాంటివాళ్లని ఎక్కడైనా చూశారా?" అని అడిగేవాళ్లు. బడిలో అడగడం ఎందుకంటే, ఊళ్లో ఎవరికేమైందో పిల్లలకి తెలిసినట్టు పెద్దవాళ్లకి తెలియదు.

సహజంగా మశూచి సోకిన చివరి మనిషి అలీ మావ్ మాలిన్. సోమాలియాలోని మెర్కా పట్నంలో ఆసుపత్రిలో వంటవాడు. 1977 అక్టోబరులో, మశూచి వచ్చిన ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్తున్న బండికి దారి చూపించడానికి కాసేపు కూడా ఎక్కాడు, అంతే, అంటుకుంది. సూది నొప్పికి భయపడి అంతకుముందు టీకా వేయించుకోలేదు. బతికాడు. చాలా ఏళ్ల తర్వాత పోలియో టీకాల పనిలో చేరి, వద్దనే తల్లిదండ్రుల దగ్గర కూర్చుని తన కథ చెప్పి ఒప్పించేవాడు. 2013లో, పోలియో పనిలో ఉండగానే మలేరియా వచ్చి చనిపోయాడు. ఈయన గురించి ఎవరికి చెప్పినా నా గొంతు పూడుకుపోతుంది.

1980 మే 8న మశూచి లేదని ప్రకటించారు. డెస్క్ గారూ, దీనికి తేదీ ఉంది చూడండి.

అసలు టీకా లేని జబ్బుల సంగతి అడుగుతారేమో. నారికురుపు తీసుకోండి. ఇప్పటికీ దానికి టీకా లేదు, మందు లేదు. నీళ్లతో కడుపులోకి వెళ్లి, ఏడాది తర్వాత కాల్లోంచి మీటరు దాకా పొడవున్న పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకి చుట్టుకుంటూ రోజుకి కాస్త చొప్పున లాగాలి. 1986లో ఏడాదికి సుమారు 35 లక్షల మందికి వచ్చేది. ఈ మధ్య ఏళ్లలో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఇరవై లోపు. నీళ్లు గుడ్డలో వడగట్టుకోవడం, పుండు ఉన్నవాళ్లు చెరువులో దిగకుండా చూడటం, ఈ రెండూ ఊరూరా తిరిగి ఓపిగ్గా చెప్పడం, ప్రధానంగా జరిగింది ఇదే.

లెక్కతేలాలి

కోల్డ్‌చైన్ గారూ, మాలిన్ గురించి చదివి నేనూ కదిలిపోయాను. అయినా ఒప్పుకోలేకపోతున్నాను. మశూచి బతికుండాలని కోరుకునేవాళ్లు ఎవరూ లేరు. దాని మీద ఏ కంపెనీ లాభాలూ ఆధారపడి లేవు, ఎవరి ఓట్లూ పోవు. బొగ్గు, చమురు అలా కాదు కదా.

మీరు 1958 అన్నారు. అదే ఏడాది చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల భాగాలకి 315 దగ్గర ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఇన్నేళ్లుగా కొలుస్తూనే ఉన్నాం, పెరుగుతూనే ఉంది. పారిశ్రామిక యుగానికి ముందుకంటే ఒకటిన్నర డిగ్రీ మించిన మొదటి క్యాలెండరు సంవత్సరం 2024. ఆ అబ్బాయి భయపడుతున్నది దీని గురించి, మశూచి గురించి కాదు.

ఇంకో మాట. 1962 అక్టోబరు 27న, అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లిన క్యూబా సంక్షోభంలో, సోవియట్ జలాంతర్గామిలో అణు టార్పెడో వదలడానికి వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోకపోవడం వల్ల మనం బతికాం. దాన్ని కూడా ఆశ కింద చెప్తుంటారు. నాకది అదృష్టంలా కనిపిస్తుంది. ఆ రోజు ఆ పడవలో ఇంకెవరైనా ఉండి ఉంటే? అదృష్టాన్ని నమ్ముకోమని పిల్లలకి చెప్పలేం.

నిరుత్సాహపరచాలని కాదు. టీచర్ గారు అబద్ధం వద్దన్నారు కాబట్టి రాశాను.

పరీక్షనాళిక

లెక్కతేలాలి గారి అభ్యంతరం న్యాయమైనదే. అర్ఖిపోవ్ విషయంలో నేనూ మీతోనే ఉన్నాను, ఆయనకి దండం పెట్టాల్సిందే గానీ ఆయన మీద ఆధారపడకూడదు. ఒప్పందాల వల్ల తగ్గింది వేరే లెక్క. 1986 ప్రాంతంలో ప్రపంచంలో సుమారు 70 వేల అణ్వాయుధాలుండేవి, ఇప్పుడు 12 వేల చుట్టుపక్కల. 12 వేలు కూడా భయంకరమే, కాదనను.

కానీ కంపెనీల లాభాలున్న చోట ఎప్పుడూ గెలవలేదన్న మాట దగ్గర ఆగాలి. నేను కెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తాను. మా సబ్జెక్టులో ఒక మనిషి ఉన్నాడు, థామస్ మిడ్జ్‌లీ. పెట్రోల్లో సీసం కలపొచ్చని 1921లో కనిపెట్టింది ఆయన బృందమే. కొన్నేళ్ల తర్వాత ఫ్రిజ్‌ల కోసం సీఎఫ్‌సీ వాయువులు తయారుచేసిందీ ఆయన బృందమే. ఒకటి పిల్లల మెదళ్లని దెబ్బతీసింది, రెండోది ఓజోన్ పొరని. రెండింటి వెనకా పెద్ద వ్యాపారం ఉంది. రెండూ ఆగాయి.

సీసం కథ పిల్లలకి బాగా పడుతుంది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త భూమి వయసు లెక్కగట్టడానికి ఉల్కలో సీసం కొలుస్తున్నాడు. కొలిచినప్పుడల్లా ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చేది. బల్ల మీద సీసం, దుమ్ములో సీసం, తన జుట్టులో సీసం. గదినంతా కడిగి, తుడిచి, గాలిని వడగట్టి అతి శుభ్రమైన ల్యాబు కట్టుకున్నాడు. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఇంకొకరైతే అక్కడితో ఆ పేరు చాలనుకునేవారు. ఆయన మాత్రం ఈ సీసమంతా ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ సముద్రపు నీళ్లూ ధ్రువాల మంచూ కొలిచాడు. చాలాభాగం మనుషులు పోసిందేనని తేలింది. పరిశ్రమ ఊరుకోలేదు, ఆయనకి కాంట్రాక్టులు పోయాయి, 1971లో సీసం గురించి వేసిన నిపుణుల సంఘంలో చోటు కూడా ఇవ్వలేదు. అయినా వదల్లేదు. అమెరికాలో సీసం లేని పెట్రోలు వచ్చాక, 1976 నుంచి 1991 లోపు జనం రక్తంలో సీసం నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గింది. 2002లో కూడా వందకు పైగా దేశాల్లో సీసం పెట్రోలు అమ్మేవాళ్లు. చివరి దేశం అల్జీరియా, 2021 జులైలో ఆపేసింది. అంటే మీ క్లాసు పిల్లలు పుట్టాక జరిగింది టీచర్ గారూ!

ఓజోన్ సంగతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది గనక ఎక్కువ రాయను. రెండు విషయాలు మాత్రం పుస్తకంలో ఉండవు. అంటార్కిటికాలో హేలీ అనే కేంద్రంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1950ల నుంచీ ఒకే రకం పరికరంతో ఓజోన్ కొలుస్తూ వచ్చారు. చాలా ఏళ్లు కొలతలు ఒకేలా ఉండేవి, ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. 1985లో జో ఫార్మన్, ఇద్దరు సహచరులతో కలిసి అక్కడి పొర వసంతంలో ఎంతగా పలచబడుతోందో ప్రచురించారు. అన్నేళ్ల కొలతలు పక్కన లేకపోతే ఆ అంకెకి అర్థమే లేదు. రెండోది, 1987 సెప్టెంబరు 16న కుదిరిన మాంట్రియల్ ఒప్పందం మొదట్లో బలహీనమైనదే. సీఎఫ్‌సీలని సగానికి తగ్గిస్తే చాలంది. తర్వాత 1990లో, 1992లో బిగించారు. పేద దేశాలకి ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేల్చి నిధి ఏర్పాటుచేశారు. చివరికి ప్రపంచంలోని దేశాలన్నీ చేరాయి. 2018లో సీఎఫ్‌సీ-11 అనుకున్నంత తగ్గడం లేదని గాలి కొలతల్లో పట్టుకున్నారు, తూర్పు చైనా నుంచి వస్తోందని జాడ తీశారు, కొద్దికాలంలో అది మళ్లీ తగ్గింది. ఇలాగే సాగితే అంటార్కిటికా మీద పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. మీ పిల్లలకి అప్పటికి యాభై దాటుతాయి, చూస్తారు.

వాతావరణం దీనికంటే చాలా కష్టం, ఒప్పుకుంటాను. సీఎఫ్‌సీలు కొన్ని కంపెనీలవి, బొగ్గూ చమురూ మన ప్రతి పనిలోనూ ఉన్నాయి. కానీ అక్కడ కూడా గీత ఉన్నచోటే లేదు. 2010 నుంచి 2020 మధ్య పెద్ద సౌర కేంద్రాల్లో కరెంటు తయారీ ఖర్చు 85 శాతం పడిపోయింది. 2015 పారిస్ వాతావరణ ఒప్పందానికి ముందు, ఈ శతాబ్దం చివరికి 4 డిగ్రీల దాకా వేడెక్కే దారిలో ఉన్నామనేవారు. ఇప్పుడున్న విధానాలతో 3 డిగ్రీల చుట్టుపక్కల అంటున్నారు.

లెక్కతేలాలి

3 డిగ్రీలు కూడా ఘోరమే అండీ. కోట్లమంది బతుకులు తలకిందులవుతాయి. అయితే 4కీ 3కీ మధ్య తేడా కూడా కోట్లమందే, ఆ మాట నేను కాదనలేను. ప్యాటర్సన్ గురించి నాకు తెలియదు, ఈ రోజంతా ఆయన గురించే చదువుతూ కూర్చున్నాను. థాంక్స్.

విత్తులు

నేను విత్తన బ్యాంకులో పనిచేస్తాను. ఇది పిల్లలకి చెప్పొచ్చో లేదో మీరే చూడండి టీచర్ గారూ, విషాదం ఎక్కువ. నాకు మాత్రం ఆశ అంటే మొదట గుర్తొచ్చేది ఇదే.

1941 సెప్టెంబరులో సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌ని జర్మన్ సైన్యం చుట్టుముట్టింది, 1944 జనవరి దాకా వదల్లేదు. లక్షలమంది ఆకలితో పోయారు. ఆ ఊరి మధ్యలో నికొలాయ్ వవిలోవ్ అనే శాస్త్రవేత్త ప్రపంచమంతా తిరిగి పోగుచేసిన విత్తనాలున్నాయి. లక్షకు పైగా నమూనాలు, గోధుమ, వరి, చిక్కుళ్లు, దుంపలు. అక్కడి శాస్త్రవేత్తలు వాటిని చలి నుంచీ ఎలుకల నుంచీ కాపాడుతూ వాళ్లే ఆకలితో పోయారు. వరి విభాగం చూసే ద్మిత్రి ఇవానోవ్ చనిపోయేనాటికి చుట్టూ వేల పొట్లాల వరి ఉంది. తినలేదు. వవిలోవ్ పరిస్థితి ఇంకా అన్యాయం, సొంత ప్రభుత్వమే జైల్లో పెట్టింది, 1943లో అక్కడే చనిపోయారు. ఆ విత్తనాలు మాత్రం యుద్ధం దాటాయి, తర్వాత కొత్త వంగడాల తయారీకి పనికొచ్చాయి.

మనుషులు అంత త్యాగం చేయాల్సి రావడమే తప్పు అని నా అభిప్రాయం. అందుకే దీనికి జత ఇంకోటి చెప్తాను. సిరియాలోని అలెప్పో దగ్గర పొడి నేలల పంటల విత్తన బ్యాంకు ఉండేది. అంతర్యుద్ధం వచ్చేసరికి అక్కడివాళ్లు చాలా నమూనాల నకళ్లు నార్వేలోని స్వాల్‌బార్డ్‌కి పంపేశారు. మంచు కొండలో తవ్విన ఆ భాండాగారం 2008లో తెరిచారు. 2015లో దాంట్లోంచి మొదటిసారి విత్తనాలు వెనక్కి తీసుకున్నది వాళ్లే. లెబనాన్‌లో, మొరాకోలో పొలాల్లో వేసి పెంచి, 2017లో కొత్త విత్తనాలు మళ్లీ స్వాల్‌బార్డ్‌కి పంపారు. ఈసారి విత్తనాలు కాపాడటానికి ఎవరూ ఆకలితో చావక్కర్లేకపోయింది. మనుషులు నేర్చుకుంటారు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బడిగంట

అందరికీ చాలా థాంక్స్. పీరియడ్ అయింది.

కోల్డ్‌చైన్ గారి మాటే పట్టుకున్నాను. కథ ముందు చెప్పలేదు. బోర్డు మీద ముప్పై చుక్కలు పెట్టి, ఇవి ఊళ్లు, జబ్బు వచ్చింది, మీ దగ్గర అయిదు ఊళ్లకే సరిపడా టీకా ఉంది, ఏం చేస్తారు అన్నాను. పెద్ద ఊళ్లకి వేద్దామన్నారు కొందరు. దగ్గరున్న వాటికి వేద్దామన్నారు. చిన్నపిల్లలకి మాత్రమే అని ఒకరు, డాక్టర్లకి ముందు అని ఒకరు, గట్టిగా గొడవపడ్డారు. గ్రాఫు గురించి అడిగిన అమ్మాయే చివరికి, "ఏ ఊళ్లో ఉందో తెలియకుండా ఎక్కడ వేస్తాం? ముందు అది కనుక్కోవాలి కదా" అంది. అప్పుడు ఫేగీ సంగతి చెప్పాను. ఆ పిల్ల మొహం మీరు చూడాల్సింది.

సీసం కథ సగమే అయింది, బెల్లు కొట్టారు. లెనిన్‌గ్రాడ్ చెప్పలేదు విత్తులు గారూ, ఇంకాస్త పెద్ద క్లాసుకి దాచాను. వాతావరణం గురించి దాచలేదు, కష్టమని చెప్పాను, 4 నుంచి 3కి ఎలా వచ్చామో చెప్పాను. మిగిలింది ఎవరు దింపాలి అని నేను అడగలేదు, వాళ్లే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాం. మశూచి పూర్తిగా పోయిందా, ఎక్కడైనా దాచారా అని అడిగారు. రెండు ల్యాబుల్లో ఉందని చెప్పగానే క్లాసు రెండుగా చీలిపోయింది. నాశనం చేయాలని సగం మంది, వద్దని సగం మంది. వచ్చే వారం డిబేట్ పెట్టుకుంటామంటున్నారు. కోల్డ్‌చైన్ గారూ, రెండు వైపులా ఏమేం చెప్పొచ్చో కాస్త సాయం చేయండి.

కోల్డ్‌చైన్

సంతోషంగా చెప్తాను టీచర్ గారూ.

అధికారికంగా రెండే చోట్ల ఉంది. అమెరికాలో అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రంలో, రష్యాలో కోల్త్సోవోలోని ప్రయోగశాలలో. నాశనం చేయాలని ప్రపంచ ఆరోగ్య సభ సూత్రప్రాయంగా ఎప్పుడో ఒప్పుకుంది. తేదీ మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడుతూ వస్తోంది.

నాశనం చేయాలనేవాళ్లకి గట్టి ఆధారం 1978 నాటి బర్మింగ్‌హామ్ ఘటన. మాలిన్ కోలుకున్న మరుసటి ఏడాది, ఇంగ్లండులో వైరస్ ఉన్న ల్యాబు పై అంతస్తులో పనిచేసే ఫోటోగ్రాఫరుకి మశూచి సోకింది, ఆవిడ చనిపోయారు. ఇంకోటి, 2014లో అమెరికాలో బెథెస్డా దగ్గర ఒక ప్రభుత్వ ల్యాబు స్టోర్‌రూములో, అందరూ మర్చిపోయిన పాత మశూచి సీసాలు దొరికాయి. ఉన్నంతకాలం జారిపోయే ప్రమాదం ఉంటుందని వాదించొచ్చు.

వద్దనేవాళ్లు, కొత్త మందులూ టీకాలూ పనిచేస్తాయో లేదో పరీక్షించడానికి అసలు వైరస్ కావాలంటారు. పైగా దానికి దగ్గర చుట్టమైన గుర్రపు మశూచి వైరస్‌ని ల్యాబులో ముక్కలు ముక్కలుగా కూర్చి తయారుచేసినట్టు 2018లో ప్రచురించారు. అలాంటప్పుడు సీసాలు కాల్చేసినంత మాత్రాన బెడద పూర్తిగా తీరిపోదు, రక్షణ సాధనాలు చేతిలో ఉండాలంటారు.

ఒక చిన్న సలహా. ఎవరు ఏ వైపో పిల్లల్ని ఎంచుకోనివ్వకండి, మీరే పంచండి. తమకి నచ్చని వైపు వాదించాల్సి వస్తేనే బాగా చదివి వస్తారు. డిబేట్ అయ్యాక ఓటింగు పెట్టి ఫలితం ఇక్కడ రాయండి. నేను ఏ వైపో అప్పుడు చెప్తాను.